గిల్డ్ వార్స్ 2లో దుస్తుల రంగులు: తరచుగా అడిగే ప్రశ్నలు

మా గిల్డులో, అంటే ఆటలో కలిసి ఆడే మా బృందంలో, కొత్తగా చేరినవాళ్లు మొదట కత్తి గురించి అడుగుతారు. వారం తిరిగేసరికి కోటు రంగు గురించి అడుగుతారు. రెండో ప్రశ్నకు జవాబు చెప్పడానికే ఎక్కువ సమయం పడుతుంది. అమెరికాలోని బెల్‌వ్యూలో ఉన్న అరీనానెట్ సంస్థ 2012 ఆగస్టు 28న ఈ ఆన్‌లైన్ కంప్యూటర్ ఆటను విడుదల చేసింది. అప్పటి నుంచీ ఇందులో రంగులద్దడం ఒక ఆటలోపలి ఆటలా నడుస్తోంది. పదే పదే వచ్చే ప్రశ్నలన్నీ ఒకచోట రాసి పెడితే నాకూ గొంతు నొప్పి తగ్గుతుందని ఈ పేజీ.

రంగు మార్చుకునేది ఎక్కడ?

కీబోర్డు మీద హెచ్ నొక్కితే హీరో ప్యానెల్ తెరుచుకుంటుంది. ఆర్మర్ (ఒంటి మీది దుస్తులు, కవచాలు) ఉన్న చోటే డైల, అంటే రంగుల, విభాగం కనిపిస్తుంది. ఏ దుస్తు, అందులో ఏ భాగం అన్నది ఎంచుకుని రంగు గడి మీద నొక్కడమే. దర్జీ దగ్గరికి పోనక్కర్లేదు, ఏ ఊళ్లో ఉన్నారన్నదానితోనూ పని లేదు. రంగు పేరు తెలిస్తే వెతుకు పెట్టెలో రాయండి. నాలుగు వందలకు పైగా ఉన్న గడుల్లో కళ్లు చికిలించుకుని వెతకడం కంటే అది మేలు.

ఒక దుస్తుకు ఎన్ని రంగులు వేయవచ్చు?

గరిష్ఠంగా నాలుగు. ఒక్కో రంగు వేసే భాగాన్ని ఛానెల్ అంటారు. తల, భుజాలు, ఛాతీ, చేతులు, కాళ్లు, పాదాలు అని ఆర్మర్‌లో ఆరు ముక్కలు. అన్నిటికీ నాలుగేసి ఛానెళ్లు ఉంటే మొత్తం ఇరవై నాలుగు రంగులు ఎంచుకోవచ్చు. అయితే ప్రతి ముక్కకూ నాలుగు ఉండవు. కొన్నిటికి రెండే, కొన్నిటికి ఒక్కటే. ఆ దుస్తును గీసిన చిత్రకారుడు ఎన్ని భాగాలుగా విడదీశాడో మనకు అన్నే దక్కుతాయి. కోటు కొన్నాక ఇంకో ఛానెల్ తెరిచే మార్గమేదీ లేదు కాబట్టి, కొనేముందు ప్రివ్యూలో చూసుకోవాలి.

ఇంకో మెలిక ఉంది. ఆటలో మనిషి, చార్, అసురా, నార్న్ లాంటి జాతులు ఉన్నాయి. అదే కోటు మనిషి మీద ఒకలా, చార్ మీద ఒకలా, అసురా మీద ఒకలా ఉండవచ్చు. ఆట బయటపెట్టే అధికారిక సమాచారంలో ప్రతి దుస్తుకూ మామూలు ఛానెళ్ల జాబితాతో పాటు, కొన్ని జాతులకూ లింగాలకూ విడిగా మినహాయింపులు రాసి ఉంటాయి. స్నేహితుడి నార్న్ వేసుకున్న కోటు చూసి ముచ్చటపడితే, మీ అసురాకు తొడిగి చూశాకే డబ్బు తీయండి.

ఒకే డై కోటు మీద ఒకలా, బూట్ల మీద ఇంకోలా కనిపిస్తోంది. నా స్క్రీన్ పాడైందా?

పాడవలేదు. ఈ పేజీలో ఒక్క జవాబే చదివే ఓపిక ఉంటే ఇదే చదవండి.

ఈ ఆటలో రంగు అంటే ఒకే ఒక్క విలువ కాదు. ప్రతి డైకి మూడు రూపాలు ఉంటాయి: బట్ట మీద ఒకటి, తోలు మీద ఒకటి, లోహం మీద ఒకటి. దుస్తులోని ప్రతి ఛానెల్‌కు అది ఏ పదార్థమో ముందే నిర్ణయించి ఉంటుంది. మీరు ఎంచుకున్న డై ఆ పదార్థాన్ని బట్టి తన మూడు రూపాల్లో ఒకటి చూపిస్తుంది.

గద్వాల చీర కట్టినవాళ్లకు, కనీసం మడత పెట్టినవాళ్లకు ఇది కొత్తేమీ కాదు. చీర నూలు, అంచూ కొంగూ పట్టు. రెంటికీ ఒకే ఎరుపు వేయించినా నూలు ఆ ఎరుపును మింగేసి ఊరుకుంటుంది, పట్టు దాన్ని వెనక్కి విసురుతుంది. ఆట తయారుచేసినవాళ్లు అదే తేడాను లెక్కల్లో పట్టుకున్నారు.

ఆ లెక్క కూడా దాచిపెట్టినదేమీ కాదు. అధికారిక సమాచారంలో ప్రతి రంగుకూ ఒక పుట్టుక రంగు ఉంటుంది: ఎరుపు 128, ఆకుపచ్చ 26, నీలం 26. అంటే ఒక ముదురు ఎరుపు. అన్ని డైలూ ఈ ఎరుపులోంచే బయలుదేరతాయి. బట్టకు, తోలుకు, లోహానికి విడివిడిగా ఐదు విలువలు రాసి ఉంటాయి: వెలుగు, వెలుగునీడల తేడా, వర్ణం, గాఢత, లేతదనం. ఆ ఐదూ కలిసి ఎరుపును నీలంగానో పసుపుగానో తిప్పుతాయి. కాబట్టి డై అనేది గోడకు వేసే సున్నం లాంటిది కాదు. కింద చిత్రకారుడు గీసిన మడతలు, గీతలు, అరుగుదల అలాగే ఉండి, వాటి మీద రంగు మాత్రం జరుగుతుంది. వెలుగునీడల తేడా ఎక్కువగా ఉన్న డై వేస్తే అవే మడతలు లోతుగా కనిపిస్తాయి. తక్కువగా ఉన్నది వేస్తే కోటు ఇస్త్రీ చేసినట్టు చదునుగా ఉంటుంది.

నేను మొదట్లో ప్యానెల్లోని చిన్న గడిని చూసి మోజుపడి ఒక ఊదా డై కొన్నాను. పొడవాటి అంగీ మీద వేస్తే నానిన వంకాయ తొక్కలా తేలింది. ప్రివ్యూ చూడని తొందర నాది. అదే డైని తర్వాత లోహపు భుజకవచం మీద వేస్తే నిగనిగలాడింది. ఇప్పటికీ అక్కడే ఉంది.

మరి అన్ని ముక్కలూ ఒకే రంగులో కనిపించాలంటే?

ఒకే డై వాడాలన్న పట్టుదల వదిలేయండి. తోలు బూట్లు కోటు కంటే ముదురుగా వస్తే, బూట్లకు అదే కుటుంబంలోంచి ఒక మెట్టు లేత డై వేయండి. పేర్లు కలవనక్కర్లేదు, కంటికి కలిస్తే చాలు. నా పద్ధతి ఏమిటంటే, అన్నిటికంటే పెద్ద భాగానికి ముందు రంగు ఖాయం చేసి, మిగతావి దానికి సరిపోయేలా వెతుకుతాను. చిన్న బెల్టుతో మొదలుపెట్టినవాళ్లు గంట తర్వాత కూడా బెల్టు దగ్గరే ఉంటారు.

నిజమైన నలుపు, నిజమైన తెలుపు ఏవి?

నలుపుకు అబిస్, తెలుపుకు సెలెస్టియల్. పాత ఆటగాళ్లు ఎవరిని అడిగినా ఈ రెండు పేర్లే చెబుతారు. బ్లాక్ అన్న పేరుతోనే ఒక డై ఉంది, కానీ అబిస్ పక్కన పెడితే అది బొగ్గుకూ బూడిదకూ మధ్య ఎక్కడో ఆగుతుంది. తర్వాత షాడో అబిస్ అని ఇంకొకటి వచ్చింది. వీటిని అందరూ కోరుకుంటారు కాబట్టి ధర కూడా దిగిరాదు.

నలుపు మోజు ఈ ఆటతో పుట్టినది కాదు. 2005లో వచ్చిన మొదటి గిల్డ్ వార్స్‌లో నల్ల డై ఎంత విలువైనదంటే, ఆటగాళ్లు దాన్ని నాణేల్లా చేతులు మార్చుకునేవారు. 1997లో వచ్చిన అల్టిమా ఆన్‌లైన్‌లో కూడా సిసలైన నల్లరంగు తొట్టె ఎవరి దగ్గర ఉందన్నది పెద్ద కబురు. తెరమీద నలుపు వేయడం కంప్యూటర్‌కు అన్నిటికంటే తేలికైన పని. ఆటల్లో మాత్రం దానికే అన్నిటికంటే ఎక్కువ ఖరీదు.

లోహం మీద అబిస్ వేసి, నల్లగా రాలేదని ఫిర్యాదు చేసేవాళ్లకు ఒక మాట: లోహం వెలుతురును తిప్పికొడుతుంది. దాని మీద పడే తెల్లటి మెరుపును ఏ డైయూ ఆపలేదు. పూర్తి నల్లటి వేషం కావాలంటే బట్ట ఛానెళ్లు ఎక్కువగా ఉన్న దుస్తులు ఎంచుకోవాలి.

ఒక క్యారెక్టర్ కోసం కొన్న డై మిగతా క్యారెక్టర్లకు కూడా వస్తుందా?

వస్తుంది. ఒకసారి తెరిచిన రంగు మీ ఖాతా మొత్తానికి శాశ్వతం. ఎన్నిసార్లు వేసినా, తీసినా ఖర్చు లేదు. 2014 ఏప్రిల్ 15కు ముందు ఇలా ఉండేది కాదు, ప్రతి క్యారెక్టర్‌కూ విడిగా కొనాల్సి వచ్చేది. ఆ రోజు వచ్చిన మార్పుతోనే దుస్తుల అల్మారా కూడా ఖాతా అంతటికీ కలిసింది. నన్నడిగితే, రంగుల విషయంలో ఈ ఆటకు జరిగిన మేలు ఇదే. ఉన్న రంగులతో జంకు లేకుండా ప్రయోగాలు చేసే వీలు కలిగింది.

ఫైనల్ ఫాంటసీ 14 అన్న మరో ఆన్‌లైన్ ఆటలో దీనికి పూర్తిగా తిరగబడ్డ పద్ధతి. అక్కడ డై సీసా ఒకసారి వాడితే అయిపోతుంది. రంగు నచ్చకపోతే మళ్లీ కొనాలి. అక్కడివాళ్లు ప్రివ్యూ చూడకుండా చేయి కదపకపోవడానికి అదొక కారణం.

గోల్డ్ (ఆటలోని డబ్బు) తక్కువగా ఉంది. ముందు ఏ డైలు కొనాలి?

మూడు కొనండి: ఒక మంచి ముదురు రంగు, ఒక మంచి లేత రంగు, ఒక తోలు గోధుమ. ప్రాణం పోసే నాలుగో రంగు మీ ఇష్టం. మొదట్లో ఉచితంగా వచ్చే డైలను చిన్నచూపు చూడవద్దు. వాటిలోని గోధుమలు, బూడిదలు బెల్టులకూ పట్టీలకూ చక్కగా సరిపోతాయి.

ఏ రంగో తెలియని డైలు కూడా దొరుకుతాయి. తెరిస్తే ఏదో ఒకటి వస్తుంది. అది లాటరీ టికెట్టే. మీకు ఫలానా రంగే కావాలంటే ఆటగాళ్లు కొనుక్కుని అమ్ముకునే ట్రేడింగ్ పోస్ట్‌లో ఆ పేరుతోనే కొనుక్కోవడం చౌక. పండగ అమ్మకాలప్పుడు తొందరపడవద్దు, ధరలు ఎగిరి దిగుతుంటాయి.

ఇంకో సరదా సంగతి: ఈ ఆటలో రంగులు తయారు చేసే చేతిపని దర్జీది కాదు, వంటవాడిది. పసుపూ కుంకుమా వంటింటి గూట్లో పెట్టుకునే మనకు అందులో వింతేమీ కనిపించదు.

రాత్రి బాగుందనుకున్న రంగు పొద్దున ఎబ్బెట్టుగా ఉంది. ఎందుకు?

మ్యాచింగ్ సెంటర్‌కు వెళ్లిన అమ్మ ఏం చేస్తుందో గుర్తు తెచ్చుకోండి. జాకెట్టు గుడ్డను, చీర చెంగును రెండు చేతుల్లో పట్టుకుని కొట్టు గుమ్మం దాకా వస్తుంది. ట్యూబులైటు కింద కలిసిన రెండు రంగులు ఎండలో విడిపోతాయని ఆమెకు తెలుసు.

ఆటలో కూడా అంతే. చెట్టు కడుపులో కట్టిన గ్రోవ్ నగరంలో వెలుతురుకు ఆకుపచ్చ ఛాయ ఉంటుంది. ఇనుముతో నిండిన బ్లాక్ సిటాడెల్‌లో అన్నీ తుప్పు రంగుకు తిరుగుతాయి. మంచు ప్రాంతాల్లో తెల్ల దుస్తులు నేలలో కలిసిపోతాయి. ప్రివ్యూ కిటికీలో ఉండే వెలుతురు వీటిలో దేనికీ చెందదు. కాబట్టి రంగు ఖాయం చేసేముందు మూడు చోట్ల నిలబడి చూడండి: ఎండలో, నీడలో, చీకటి గుహలో. మీరు ఎక్కువసేపు ఎక్కడ ఆడతారో అక్కడ బాగుంటే చాలు.

మీ మానిటర్ వెలుగు మరీ ఎక్కువగా పెట్టుకుని ఉంటే నలుపులన్నీ బూడిదగా కనిపిస్తాయి. ఫోనులో నైట్ మోడ్ పెట్టినట్టు కంప్యూటర్‌లో కూడా పసుపు తెర పెట్టుకుని రంగులు ఎంచుకునే స్నేహితుడొకడు నాకున్నాడు. అతని తెల్ల దుస్తుల యోధుడు మిగతా అందరికీ నీలంగా కనిపించేవాడు.

ఏ రంగు పక్కన ఏది వేయాలి?

సూత్రాలు చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు, నేను ఒక ఉదాహరణే చెబుతాను. నా పాత్ర ఒక రేంజర్, అంటే అడవుల్లో తిరిగే వేటగాడి లాంటివాడు. అతని పొడవాటి తోలు కోటుకు నాలుగు ఛానెళ్లు. కోటు ఒళ్లంతా ముదురు నెమలికంఠం. లోపలి చొక్కా గంధం రంగు. పట్టీలు కాఫీపొడి రంగు. నాలుగోది, బొత్తాలూ అంచులూ కలిసిన ఛానెల్, ముందు బంగారు రంగులో పెట్టాను. పెళ్లి బ్యాండు మేళంలో బాకా ఊదేవాడిలా తయారయ్యాడు. బంగారం తీసి, పాతబడిన ఇత్తడి లాంటి మసక పసుపు వేశాక మనిషయ్యాడు. మార్చింది అంగుళం వెడల్పు భాగం. మెరిసే రంగు ఎంత చిన్న చోట ఉన్నా కన్ను ముందు అక్కడికే పోతుంది, కనుక దాన్ని చివర్లో, పిసినారిలా వాడండి.

ఆయుధాలకు రంగు వేయవచ్చా?

లేదు. మొదటి గిల్డ్ వార్స్‌లో వేయగలిగేవాళ్లం, రంగులు కలిపి కొత్త రంగు తీయగలిగేవాళ్లం కూడా. ఇక్కడ ఆయుధం రంగు మారదు కాబట్టి, ఆయుధాన్ని ముందు ఎంచుకుని దానికి తగ్గట్టు దుస్తులకు రంగులు వేయడమే దారి.

వాహన జంతువులకు, గాలిలో తేలడానికి వాడే గ్లైడర్లకు?

వేయవచ్చు. జంతువు మామూలు రూపానికి ఒకే ఛానెల్, ప్రత్యేక రూపాలకు నాలుగు దాకా ఉంటాయి.

మిగతా ఆటల్లో పరిస్థితి ఎలా ఉంది?

జర్మనీలో పుట్టి 1997 నుంచి నడుస్తున్న టిబియాలో వేషాన్ని నాలుగు భాగాలుగా విడదీసి, 133 రంగుల పట్టిక ముందు పెడతారు. ఆ చిన్న బొమ్మలకు అది చాలు. బొమ్మ మీద కనిపించని పొర ఒకటి ఉండి, ఏ చుక్క ఏ భాగానిదో చెబుతుంది.

అల్టిమా ఆన్‌లైన్‌ది ఇంకా ముచ్చటైన ఉపాయం. అప్పటి బొమ్మల్లో ఒక్కో మూలవర్ణానికి 32 మెట్లే ఉండేవి. అందుకే ప్రతి రంగునూ 32 ఛాయల వరుసగా రాసి పెట్టుకున్నారు. బూడిద రంగు బొమ్మలో చుక్క ఎంత వెలుగుగా ఉందో చూసి, వరుసలో ఆ మెట్టు మీదున్న ఛాయను తెచ్చి అతికిస్తారు. అలాంటి వరుసలు 3,000. మెట్లన్నీ ఒకే రంగులో ఉండనక్కర్లేదు కాబట్టి నీడలో నీలం, వెలుగులో గులాబీ చూపే చిత్రమైన రంగులు కూడా వచ్చాయి.

ఎల్డర్ స్క్రోల్స్ ఆన్‌లైన్‌లో రంగులద్దే సదుపాయం 2014లో వచ్చింది. మూడు ఛానెళ్లు. రంగులు ఎక్కువగా ఆటలో సాధించిన పనులకు బహుమతిగా దక్కుతాయి. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో 2011 చివరి నుంచి ఒక దుస్తుకు మరో దుస్తు రూపం తొడగవచ్చు, ఆర్మర్‌కు రంగు మాత్రం వేసుకోలేం. అందుకే ఒకే కోటు నాలుగైదు రంగుల్లో వేర్వేరు చోట్ల దొరుకుతుంది.

రంగుల చక్రం ఇచ్చి, నచ్చిన రంగు కలుపుకోమని ఎందుకు అనరు? సర్వర్ భారమా?

భారం అన్న మాట నమ్మవద్దు. ఇరవై నాలుగు ఛానెళ్లకు మూడేసి బైట్ల చొప్పున లెక్కవేస్తే 72 బైట్లు. చుట్టూ యాభై మంది ఉన్నా నాలుగు కిలోబైట్లు దాటదు. అసలు కారణాలు వేరే.

మొదటిది డబ్బు. డైలు అమ్మకపు సరుకు, రంగుల పెట్టెలను దుకాణంలో పెట్టి అమ్ముతారు. చక్రం చేతికిస్తే అబిస్‌ను ఎవరు కొంటారు? రెండోది ఆట రూపురేఖలు. ప్రతి డైనీ మూడు పదార్థాల మీద పరీక్షించి సరిచేసి ఉంటారు. చక్రం మీద ఎంచుకున్న ఏదో ఒక పచ్చ బట్ట మీద బాగుండి, లోహం మీద ప్లాస్టిక్ బొమ్మలా ఉండవచ్చు. యుద్ధంలో ఎదుటివాడిని గుర్తుపట్టడం కూడా ఒక కారణంగా చెబుతారు కానీ, శత్రువులందరినీ ఒకే మామూలు రూపంలో చూపించే అమరిక ఆటగాళ్ల మధ్య పోటీలకు ఇప్పటికే ఉంది. ఆ వాదన నాకు బలంగా అనిపించదు.

రంగుల సదుపాయం ఇంకా మెరుగుపరచమని అడగాలంటే ఏం అడగాలి?

ఇంకో యాభై రంగులు ఇవ్వమని అడగవద్దు. ఉన్న ఛానెళ్లను సరిగ్గా విడదీయమని అడగండి. ఫైనల్ ఫాంటసీ 14నే చూడండి. చాలా ఏళ్లు ఒకే ఛానెల్‌తో నడిచి, 2024లో డాన్‌ట్రెయిల్ అన్న విస్తరణతో రెండో ఛానెల్ వచ్చింది. పాత దుస్తులకు విడతలవారీగా కలుపుతున్నారు. అయితే కొన్ని దుస్తుల్లో ఆ రెండో ఛానెల్ ఒక బొత్తానికో సన్నటి అంచుకో పరిమితమైంది, ఆటగాళ్లు పెదవి విరిచారు. సంఖ్య పెరిగినంత మాత్రాన సరిపోదు, గీత ఎక్కడ గీశారన్నది ముఖ్యం.

సూచన రాసేటప్పుడు దుస్తు పేరు, జాతి, లింగం, ఎన్నో ఛానెల్, అది బట్టా తోలా లోహమా అన్నది రాయండి. ‘చొక్కా కాలరూ బెల్టూ ఒకే ఛానెల్‌లో ఉన్నాయి, కాలరు బట్ట, బెల్టు తోలు, విడదీయండి’ అని రాస్తే చదివినవాడికి పని దొరుకుతుంది. ‘రంగులు బాగోలేవు’ అంటే తలాడించి పక్కన పెడతాడు. రెండు వెలుతురుల్లో తీసిన రెండు చిత్రాలు జతచేస్తే ఇంకా మంచిది.

నాకు ఎరుపూ ఆకుపచ్చా తేడా సరిగా తెలియదు. ఎలా ఎంచుకోను?

మీరు ఒంటరివారు కాదు. ఉత్తర ఐరోపా మూలాలున్న పురుషుల్లోనే సుమారు 8 శాతం మందికి ఈ తేడా ఉంటుంది. డై ప్యానెల్‌లో రంగులను వర్ణాల వారీగా గుంపులు చేసి చూడవచ్చు. ఎరుపు గుంపులోది ఎరుపే అన్న భరోసా అక్కడ దొరుకుతుంది. అధికారిక సమాచారంలోని అంకెలు ఇంకా గట్టి ఆధారం. మీ వేషంలో ముదురుకూ లేతకూ మధ్య తేడా బాగా ఉండేలా చూసుకోండి, మీ కంటికి స్పష్టంగా విడిపోతే చూసేవాళ్లకూ విడిపోతుంది. మా గిల్డులో అలా చేసే ఆయన వేషాలు మా అందరివాటికంటే తీరుగా ఉంటాయి.

వేసిన రంగులన్నీ తీసేసి మొదటి రంగులోకి రావాలంటే?

డై రిమూవర్ అన్న గడి నొక్కండి. అధికారిక జాబితాలో మొదటి అంకె దానిదే.

డైల పేర్లు గుర్తుండటం లేదు. మీరెలా గుర్తుపెట్టుకుంటారు?

పెట్టుకోము. మా గిల్డులో నలుగురం తెలుగువాళ్లం, ఇంగ్లీషు పేర్లన్నీ ఎప్పుడో పక్కన పెట్టేశాం. ఉల్లిపొర, చిలకాకుపచ్చ, పాలపిట్ట, ఆనంద బ్లూ, మామిడిపండు, ముదురు వంకాయ అని ఒక కాగితం మీద రాసి, ప్రతి దాని ఎదురుగా ఆటలోని పేరు, బట్ట మీదా తోలు మీదా లోహం మీదా ఎలా వస్తుందో ఒక్కో మాట పెట్టుకున్నాం. నా ఊదా డైకి ఎదురుగా ‘బట్ట: తొక్క. తోలు: పరవాలేదు. లోహం: పండగ’ అని ఉంది.